మొదటి వరస

మార్చి 4, మంగళవారం

విమానం మార్చేశారు. పొద్దున్నే బావ ఫోనుకి మెసేజ్. ఆపరేషనల్ కారణాల వల్ల చిన్న విమానం పంపుతున్నారట, అందులో పడుకునే సీట్లు లేవట, మమ్మల్ని మామూలు సీట్లలోకి దించారట. అసౌకర్యానికి చింతిస్తున్నారట. వాళ్ళ చింత ఎవడికి కావాలి?

అక్క నిటారుగా అరగంట కూర్చోగలదు, అంతే. ఆపైన వెన్నెముక నరాన్ని నొక్కుతుంది. ఎడమ పాదం ఇప్పటికే మొద్దుబారింది. బొటనవేలు ఒక్కటే కదులుతోంది. అది కూడా ఆగితే ఆపరేషన్ చేసినా నడక రాదని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. ప్రయాణం ఆరు గంటలు. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు కూర్చోవచ్చు, మిగతా దారంతా పడుకోవాలని రాసిచ్చాడు. అందుకే ఆ సీట్లు.

ఆ సీట్లు ఊరికే రాలేదు. ఈతకొలను గట్టు మీద పలకలు పగిలాయి, పిల్లలు జారిపడతారు అని అక్క చెబుతూనే ఉంది. చివరికి ఈత నేర్పే తనే జారిపడింది. యజమాని పళ్ళబుట్ట పంపించి చేతులు దులుపుకున్నాడు. రెండు రోజులు గేటు ముందు కూర్చుని వాడి చేతే టికెట్లు కొనిపించాను. ఇప్పుడు ఒక్క మెసేజ్‌తో ఊడగొట్టారు.

ఆదివారం విమానం. సోమవారం ఆపరేషన్. అది దాటితే ఆ సర్జన్ మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో ఎవరికీ తెలీదు.

మార్చి 5

నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్‌కి సెలవు పెట్టి ఎయిర్‌లైన్స్ ఆఫీసుకి పోయాను. జేబులో కరపత్రం. నేను మడతపెట్టిన కరపత్రాలే నా కాలేజీ. కూలి చట్టం, అద్దె చట్టం, అన్నీ మడతపెడుతూ చదివినవే. ఇది ప్రయాణికుల హక్కుల మీద. ‘ప్రయాణికుడు సరుకు కాదు’ అని పైన పెద్ద అక్షరాలు.

కౌంటర్లో ఆవిడ మూడు దారులు చూపించింది. డబ్బు వెనక్కి తీసుకుని ఇంటికి పోవచ్చు. పడుకునే సీట్లున్న విమానం ఆపరేషన్ రోజు దాటాక, వచ్చే వారం శుక్రవారం ఉంది, దాంట్లో పోవచ్చు. లేదా మామూలు సీట్లకి ఒప్పుకుంటే తేడా వాపసు ఇస్తారు. ఇంకో కంపెనీ విమానంలో పంపడం మీ బాధ్యత అన్నాను. ఆవిడ చాలాసేపు వెతికింది. ఆదివారం ఎవరి దాంట్లోనూ పడుకునే సీటు లేదంది. ప్రయాణికుడు సరుకు కాదని బల్ల గుద్దాను. నేను కూడా సరుకు కాదు బాబూ, కాస్త మెల్లగా అంది.

లైన్లో ఎవరో నవ్వారు. ఒళ్ళు మండిపోయింది.

మార్చి 6

అక్క వేలు కదిలింది. నాలుగోసారి అడిగితే.

మార్చి 7

దిగొచ్చారు! మామూలు సీట్లే, కానీ వరసలో మూడూ అక్కకే, అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. నాకు పక్కనే, నడవకి ఇవతల. దిండ్లు వేసి పడుకోబెట్టుకోవచ్చట. డాక్టర్ కూడా సరేనన్నాడు.

కానీ ఏ వరస? చిట్టచివరి వరస. టాయిలెట్ పక్కన.

అక్కకి అదే బాగుందట. వెనక ఎవరూ ఉండరు, చచ్చిన చేపలా పడుకున్నా చూసేవాళ్ళు ఉండరు అంది. పడిపోయిందీ తనే, సిగ్గుపడేదీ తనేనా? సిగ్గుపడాల్సింది వాళ్ళు. ముందున్న సీట్లు కొన్నవాళ్ళని టాయిలెట్ దగ్గరికి తోస్తారా?

మళ్ళీ పోయాను. మొదటి వరస ఇస్తే సరే, లేకపోతే ఇక్కడే పడుకుంటానన్నాను. ఆవిడ ఏదో చెప్పబోయింది. నోరు తెరవనివ్వలేదు. మొన్నంతా ఆవిడే చెప్పింది, ఇవాళ నా వంతు. ఆఖరికి విసిగిపోయి, మీ ఇష్టం అని ప్రింట్ తీసి ఇచ్చింది. మొదటి వరస!

ఆవిడ ఏం చెప్పబోయిందో విని రావాల్సింది రా బామ్మర్దీ అన్నాడు బావ. ఇలాగైతే రేపు నీకొచ్చే పెళ్ళాం కాఫీ కావాలన్నా వినతిపత్రం పెట్టుకోవాలి అన్నాడు కూడా. ఈయన జన్మలో ఎవర్నీ గట్టిగా ఒక మాట అడిగి ఎరగడు.

మార్చి 8

బావ ఇంట్లో పాపతో ఉంటాడు. నేనూ అక్కా వెళ్తాం. సంచి సర్దాను. దిండ్లు మూడు.

ఒరేయ్, విమానంలో నినాదాలు మొదలెట్టకు, కిటికీలు తెరుచుకోవు, పారిపోడానికి ఉండదు అంది అక్క. తర్వాత కాసేపటికి, నడక పోయినా ఈత ఉంటుందిలే, నీళ్ళలో నడవక్కర్లేదుగా అంది. తనొక్కతే నవ్వింది. బావ లేచి వంటింట్లోకి పోయాడు.

మార్చి 9, పొద్దున

చేతులు లేవడం లేదు. సీటుకీ సీటుకీ మధ్య ఉండే చేతులు. బెల్టు లైటు ఆరగానే దిండు పట్టుకుని మధ్య చెయ్యి పైకి లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. ఎయిర్‌హోస్టెస్ పరిగెత్తుకొచ్చింది. మొదటి వరసకి ముందు సీట్లు ఉండవు కాబట్టి భోజనం పలకలు ఈ చేతుల్లోనే మడిచిపెట్టి ఉంటాయట, ఇవి కదలవట. తక్కిన వరసలన్నిట్లో లేస్తాయట. అందుకే చివరి వరస ఆపి ఉంచాం, మీరే మార్చుకున్నారని రాసి ఉంది అంది. ఇప్పుడక్కడ వేరేవాళ్ళు. విమానం మొత్తం ఫుల్.

కౌంటర్లో ఆవిడ చెప్పబోయింది ఇదే.

అక్క మొహం పాలిపోయింది. అరగంట ఎప్పుడో దాటింది. వేలు కదుపు అక్కా అన్నాను. కదుపుతూనే ఉన్నాను రా అంది. వేలు కదలలేదు. తను కదుపుతూనే ఉన్నానంటోంది.

మాకోసం ఆపిన ఆ చివరి వరసకే పరిగెత్తాను. నాకు డిమాండ్ చేయడమే వచ్చు. అడగడం ఎలా మొదలుపెట్టాలో కూడా తెలీదు. కరపత్రంలో అది లేదు. చివరి వరసలో ఒక తల్లీ కూతురూ, కిటికీ దగ్గర ఒక పెద్దాయన. మా అక్క అన్నాను. ఏడ్చాను. సిగ్గు లేకుండా, అందరి ముందూ. తల్లి మొత్తం వినకుండానే బెల్టు విప్పింది.

పెద్దాయన లేవలేదు. నెల కిందటే కిటికీ సీటు కోరుకున్నాను, అది నా హక్కు అన్నాడు. అచ్చం నా మాటే. కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. వద్దన్నాడు. బయట కనపడకపోతే ఊపిరాడదట, కిటికీ లేకపోతే చచ్చిపోతాడట. తర్వాత కిందికి చూసుకుని, ఒడి ఖాళీగానే ఉంది, కాళ్ళు ఇక్కడ పెట్టమను అన్నాడు.

ఇద్దరం మోసుకెళ్ళాం, నేనూ ఎయిర్‌హోస్టెస్సూ. చేతులు ఒక్క లాగుకి లేచాయి. రెండు సీట్ల మీద అక్క. కాళ్ళు ఆయన ఒళ్ళో. పరాయి మనిషి మీద కాళ్ళేమిటి అని అక్క గింజుకుంది. మీ నాన్ననుకో తల్లీ, లేదా దిండనుకో అన్నాడాయన.

వేలు ఎలా చూడాలో ఆయనకి నేర్పాను. నొక్కాలి. కదపమనాలి. చూడాలి.

మధ్యాహ్నం

అక్కడ నిలబడనివ్వలేదు. మొదటి వరసలో ఉన్నాను, తల్లీ కూతుళ్ళకి ఇవతల. ఆయనకి గుర్తు చెప్పి వచ్చాను. వేలు కదిలితే చెయ్యెత్తాలి.

వెనక్కి తిరిగి చూస్తున్నాను. అన్నీ తలలే.

లేవలేదు.

లేవలేదు.

లేచింది.