మచ్చు బెల్లం గదిలో కెమెరా

అనకాపల్లి,
సోమవారం.

భీమశంకరరావు బాబుగారికి, మీ బెల్లం కొట్టులో దిమ్మలెత్తే తలుపులమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము.

వెనక గదిలో కెమెరా ఎవరినడిగి పెట్టించేరు? అది మచ్చు బెల్లం ఉంచే గదే, కాదనను. కానీ పదేళ్లుగా మేం ఏడుగురు ఆడవాళ్లం చీరలు మార్చుకునేదీ, అన్నం తినేదీ అక్కడే. కెమెరా పెట్టిన రోజు నుంచీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. జిగురు చీరలతోనే ఇళ్లకి పోతున్నాం. ఆటోలో చీమలు కూడా మాతోనే వస్తున్నాయి. "మనవేటి దొంగలమా? సిగ్గు నేదా ఆ బాబుకి?" అని మాతో పనిచేసే చిన్నమ్మలు ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. వెంటనే తీయించండి.

ఇట్లు,
తలుపులమ్మ

తా.క.: అది మాటలు కూడా వింటుందట. అందుకే కాగితం మీద తిట్టేను.

మంగళవారం.

తలుపులమ్మకి భీమశంకరరావు ఆశీస్సులు. కోపంతోనే అనుకో.

కొనేవాళ్లకి చూపించే మచ్చు ముక్కలు రోజూ మాయమవుతున్నాయి. దొంగెవరో తేలొద్దా? తప్పు చెయ్యనివాళ్లకి భయమెందుకు? అయినా కెమెరా మా ఆవిడ, అదే మీ అమ్మగారు సత్యలక్ష్మి, పట్టుబట్టి పెట్టించింది. నాది బటన్ ఫోను. బొమ్మంతా ఆవిడ ఫోనులోకే వెళ్తుంది. మీరు ఆ గదిలోకి రావడం మానేశారంటేనే నాకు అనుమానం ఎక్కువవుతోంది.

ఇట్లు,
భీమశంకరరావు

తా.క.: నీ ఉత్తరం జేబులో పెట్టుకుంటే చీమలు పట్టాయి.

బుధవారం.

బాబుగారికి, నమస్కారం ఈసారి సగమే.

గదిలోకి వస్తే సిగ్గు పోతుంది, రాకపోతే దొంగలమా? మా అమ్మాయి బిందుమాధవి లా కాలేజీలో చదువుతోంది. ఆడవాళ్లు బట్టలు మార్చుకునేటప్పుడు తీస్తే జైలేనట. పనిలోకి వచ్చినంత మాత్రాన మా ఒంటిని మీకు రాసివ్వలేదు. రేపు పదింటికల్లా అది దిగకపోతే ఏడుగురం పని మానేసి పోలీస్ స్టేషన్‌కి వెళ్తాం. కూలి పోతే పోనివ్వండి.

ఇట్లు,
తలుపులమ్మ

తా.క.: ప్రస్తుతానికి దానికి కనపడకుండా వెనకనుంచి వెళ్లి, దాని మొహాన గోనెసంచి కట్టేం.

గురువారం.

తలుపులమ్మకి, మిగతా ఆరుగురికీ భీమశంకరరావు నమస్కారాలు.

నీ ఉత్తరం మీ అమ్మగారికి కోపంగా చదివి వినిపించాను. "అయ్యో, అక్కడ చీరలు మార్చుకుంటారని నాకు తెలీదే!" అని లెంపలేసుకుంది. తర్వాత ఫోను తీసి నా ముందు పెట్టింది.

అందులో మీరెవరూ లేరు. నేనున్నాను. సోమవారం మూడు ముక్కలు తిన్నాను, మంగళవారం అయిదు. నా షుగర్ ఎందుకు దిగడం లేదో తెలుసుకోడానికే ఆ కెమెరా పెట్టించిందట. యజమాని నోట్లో వేసుకుంటే అది రుచి చూడటమే అనుకున్నాను. కెమెరా నన్ను కూడా చూస్తుందని నాకు తట్టనే లేదు. ఎంత అన్యాయం! చెప్పా పెట్టకుండా మనిషి తినేది చూడటమేమిటి? నువ్వు రాసిన ప్రతి మాటా నిజం.

మిమ్మల్ని దొంగలన్నందుకు క్షమించండి. కెమెరా మీ గదిలోంచి తీసేశారు. ఇప్పుడది నా కుర్చీకి ఎదురుగా ఉంది.

ఇట్లు,
భీమశంకరరావు

తా.క.: ఆ చట్టం మొగుళ్లకి కూడా పనిచేస్తుందేమో బిందుమాధవిని అడుగు. ఈలోగా ఆ గోనెసంచి ఇలా పంపు.