క్రిములు లేవు అన్న ముద్ర

పాంచెవో,
10 నవంబరు 2024, ఆదివారం

స్పోమెంకాకి విదోసావ రాస్తున్నది. ఇక్కడ నేనూ, మా పిల్లీ, నా మోకాళ్ళూ కులాసా. నువ్వు కులాసాగా లేవని తెలిసే రాస్తున్నాను కాబట్టి, అక్కడ క్షేమమని తలుస్తాను అనే మాట వదిలేస్తున్నాను.

పదకొండు నెలలుగా నా ఫోనెత్తవు. ఉత్తరమైతే కనీసం చింపడానికైనా చేతిలోకి తీసుకుంటావని ఆశ.

ఇరవై ఒకటో తారీఖు గురువారం ట్రామ్ డిపో వైద్యమండలి ముందు నిలబడాలటగా. మీ అత్తగారు కూరగాయల బజారులో కనపడి అంతా చెప్పింది. జనంతో నిండిన ట్రామ్‌ని రెండుసార్లు దారిలో ఆపేసి, ఎదురుగా ఉన్న కాఫీ హోటల్ మరుగుదొడ్డికి పరుగెత్తావట. జబ్బుందని తేలకపోతే ఇరవై రెండేళ్ళ ఉద్యోగం పోతుందట. చల్లటి రాతిమెట్ల మీద కూర్చోవద్దే అని కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పాను, విన్నదా, ఇప్పుడు అనుభవిస్తోంది అని ఆవిడ అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్ని లంగా వేసుకుంటే వారంలో తగ్గుతుందట. పక్కనే క్యాబేజీ అమ్ముకునే ఆవిడ, కాదు కాదు, ఎలుగుద్రాక్ష అని అడవి మొక్కేదో ఉందట, దాని ఆకు టీ పట్టమంది. ఊరంతా వైద్యులే.

నీ డాక్టరు మాత్రం తక్కువ తిన్నాడా? మూత్రపరీక్షలో క్రిములు లేవని వస్తే నరాల బలహీనత అంటాడు. నొప్పి తగ్గలేదని ఏడిస్తే మళ్ళీ క్రిముల్ని చంపే మాత్రలే రాస్తాడు. ఇది తొమ్మిదో విడతట. లేని క్రిములకి మందేమిటి, ఉన్న నొప్పికి మందు లేకపోవడమేమిటి?

మా ఆసుపత్రికి కొత్తగా ఒక మూత్రకోశ వైద్యురాలు వచ్చింది, నెవెనా అని, చిన్నపిల్ల. నీ సంగతంతా చెప్పి అడిగాను. మన ఒంట్లో పుట్టుకతో వచ్చిన కాపలాదళం ఒకటి ఉంటుందట. ముందు కొట్టి తర్వాత పేరడిగే రకం. క్రిమి రాగానే వాపూ మంటా పుట్టించి తరిమేస్తుంది. కొందరిలో క్రిమి పోయినా ఆ దళం మాత్రం ఇంటికి పోదట. మూత్రాశయం లోపలి పొరనే కొడుతూ కూర్చుంటుంది. పాలు దించేశాక కూడా పొయ్యి మండుతూనే ఉన్నట్టన్నమాట. పొర దెబ్బతిన్నాక కొంచెం మూత్రం చేరినా ఓర్చుకోలేదు. అంటే నీది నిజమైన జబ్బే. ఆ మంట చల్లార్చే వైద్యం వేరే ఉందట, అందరికీ ఒకేలా పనిచెయ్యదని కూడా ఆ పిల్లే చెప్పింది.

ఇదంతా మండలి ముందు చెప్పాలంటే నువ్వు నోరు విప్పవు. నలుగురు మగాళ్ళు కూర్చున్న గదిలో మూత్రం మాట ఎత్తడం సిగ్గని మీ ఆయనతో అన్నావట. సిగ్గేమిటే? మంచులో ట్రామ్ పట్టాలు తప్పిన రోజున డిపో మగాళ్ళందరినీ నోటికొచ్చినట్టు కడిగేసిందానివి కాదూ?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటావేమో. అను. పంతొమ్మిదో తారీఖు పొద్దున తొమ్మిదింటికి నెవెనా దగ్గర నీ పేరు రాయించాను. వచ్చి చూపించుకో.

పోయిన డిసెంబరులో మీ ఇంటి స్లావా పండుగ భోజనాల దగ్గర, అందరి ముందూ, నీకున్నది జబ్బు కాదు నరాలే అన్నాను. ఆ కోపం నీకింకా పోలేదని తెలుసు. పోకూడదు కూడా.

ఇట్లు
నువ్వు ఏమనుకున్నా నీ స్నేహితురాలు,
విదోసావ

తా.క. అసలు ఇది రాయడానికే కూర్చున్నాను. ఇంతసేపూ తప్పించుకున్నాను.

ఆ పండుగకు నాలుగు రోజుల ముందు నీ మూత్రం సీసా మా ల్యాబ్‌లో నా బల్ల మీదికే వచ్చింది. సూక్ష్మదర్శిని కింద చూశాను. తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయి. లోపల మంట లేకపోతే అవి అంతగా రావు. కానీ డాక్టరు అడిగింది క్రిముల సంగతి ఒక్కటే. అడగనిది రాస్తే డాక్టర్ల ఫోన్లొస్తాయి, రాయొద్దు అని మా పెద్దాయన పెట్టిన రివాజు. క్రిములు లేవు అని ముద్ర కొట్టి పంపేశాను. సీసా మీద నీ పేరు చదివే కొట్టాను. భోజనాల దగ్గర నువ్వు నొప్పి సంగతి ఎత్తగానే నాకు భయమేసింది. నీది జబ్బయితే నాది తప్పు. అందుకే నరాలన్నాను.

తెల్లకణాల సంగతి మా రోజువారీ పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. గురువారం ఆ పుస్తకం పట్టుకుని మండలికి వస్తున్నాను. అది గడప దాటితే నన్ను మళ్ళీ లోపలికి రావద్దని పెద్దాయన చెప్పేశాడు. నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు, అక్కడ మాట్లాడాల్సింది నేను.