పట్టుకునే ముందు పది నిమిషాలు

ఫిబ్రవరి 3
రేపటి నుంచి మా మానసిక వార్డు స్టాఫ్ అందరికీ ట్రైనింగట. పందొమ్మిదేళ్ళుగా ఇదే వార్డులో నర్సుని — నాకేం నేర్పుతారు... ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 4
నేర్పడానికొచ్చిన డాక్టరమ్మకి నా వయసులో సగం ఉండదు. "ఇవాళ మీరే పేషెంటు, సుబ్బలక్ష్మి గారూ" అంది. మంచం మీద కూర్చున్నా. అటెండర్ బాషా — ఆరడుగుల మనిషి — పేషెంట్లని పట్టుకున్నట్టే వెనక నుంచి వచ్చి రెండు చేతులూ పట్టేశాడు. నాటకమని తెలుసు. అయినా గింజుకున్నా. "వదులు బాషా." వదల్లేదు, డాక్టరమ్మ వదలొద్దందని.

కిటికీలోంచి ఒక పేషెంటు — "మేడం గార్ని కూడా చేర్చుకున్నారా?" అందరం పడీ పడీ నవ్వాం.

ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో ఎంతమందిని ఇలా పట్టించానో...

ఫిబ్రవరి 6
పట్టుకునే ముందు పది నిమిషాలు పక్కన కూర్చోండి — ఇంతే ఆవిడ చెప్పేది. అంత తీరిక ఎవరికుంది అని గొణిగాను.

ఫిబ్రవరి 11
చిలకలూరిపేట వైపు పత్తి రైతు వెంకటేశ్వర్లు. వచ్చి నాలుగు రోజులు. ఇవాళ మాత్ర వద్దన్నాడు. "ఇందులో పురుగుమందు కలిపారు." గ్లాసు విసిరేశాడు. నేను సూది సిద్ధం చేస్తుంటే బాషా చెప్పులు విప్పి అతని ముందు కింద కూర్చున్నాడు.

"ఈ ఏడు పత్తి ఎట్టా ఉంది బాబాయ్?"

చాలాసేపటికి అతను పత్తికాయల్ని తినేసే గులాబీ పురుగు సంగతి ఎత్తాడు — ఇక అరగంట ఆపలేదు. బాషా తలూపుతూనే ఉన్నాడు. వాడికి పత్తి గురించి ముక్క తెలియదు.

మాత్రల షీటు వెంకటేశ్వర్లు చేతికే ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి, తనే చింపి వేసుకున్నాడు.

సూది ట్రేలోనే ఉండిపోయింది.

ఫిబ్రవరి 12
ఈ పూటా వేసుకున్నాడు.

ఫిబ్రవరి 15
మళ్ళీ మొండికేశాడు. ఎవరం బలవంతం చెయ్యలేదు. మధ్యాహ్నం తనే వచ్చి చెయ్యి చాపాడు.
"మీ పేరేంటమ్మా?"
చెప్పాను.
"మా అక్క పేరే."

ఫిబ్రవరి 19
పెద్ద డాక్టరు గారు పిలిచారు. వచ్చే నెల నేనూ బాషా ఒంగోలు వెళ్ళి అక్కడి నర్సులకు ఇదంతా చెప్పాలట. మైకు చూస్తే నాకు వణుకండీ, అన్నాను. బాషా అప్పుడే కొత్త చొక్కా కొనుక్కుంటానంటున్నాడు. నేనింకా ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 21
పొద్దున కొత్తావిడ వచ్చింది. మిరపకోతకెళ్ళి, చేలోనే మాట ఆగిపోయిందట. తినదు, తల ఎత్తదు. బాషా సెలవు — నేనే కింద కూర్చున్నా. పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఆమె కొంగుకంటిన మిరప ఘాటుకి నాకు తుమ్ములు... ఒకటి, రెండు, మూడు.

కళ్ళెత్తి చూసింది. పెదవి కదిలిందో, నాకే అలా అనిపించిందో. మోకాళ్ళు పట్టేశాయి. లేవబుద్ధి కాలేదు.