కచేరీకి కట్టిన తెర

12 ఫిబ్రవరి 1964

తమ్ముడు రాయమల్లుకు దేవసహాయం ప్రేమతో రాయునది.

మీరంతా బాగున్నారని తలుస్తాను. నేను మాత్రం బాగాలేను.

మన పాత తాలూకా కచేరీని కళాభవనం చేశారు. నిజాం కాలంలో నువ్వు అడుగుపెట్టడానికి వణికిన హాల్లో ఇప్పుడు హార్మోనియం మోగుతోంది. సంతోషించాల్సిందే. కానీ ఆ సంబరంలో నీ కొంప ముంచింది నేనే.

దఫ్తరు గదిలో ఇరవై ఏళ్లుగా కాగితాలు మూటలు కట్టేవాణ్ణి నేనే కదా. ఎర్రగుడ్డ కడితే ఎప్పటికీ దాచాలి. తెల్లగుడ్డ కడితే గడువు తీరాక పారేయొచ్చు. నాకు ఉర్దూ చదవడం రాదు, గుడ్డ రంగే నా చదువు. ప్రారంభోత్సవానికి తెర లేదని మా పెద్ద గుమాస్తా, "ఆ ఎర్రగుడ్డలు విప్పు దేవసహాయం, కుట్టిస్తే తెరైతది. నాలుగు దినాలల్ల కొత్తవి వస్తయి" అన్నాడు. కాదనే ధైర్యం లేకపోయింది. నలభై మూటలు ఈ చేతులతోనే విప్పి పురికొసతో కట్టాను. కొత్త గుడ్డలకన్నా ముందు లారీ వచ్చింది. నేను ఆదివారం చర్చికి పోయిన పూట, ఎర్రగుడ్డ లేనివన్నీ చిత్తుకాగితాలని ఎత్తుకుపోయారు. మూడు రోజులు వెతికాను. నీ కౌలు రిజిస్టరు లేదు తమ్ముడూ. ఆ నాలుగెకరాలు దున్నేది నువ్వేననడానికి అదొక్కటే రుజువు.

ఒక్క దారి ఉంది. రిజిస్టరు కచేరీలో ఉందన్న భయంతోనే దొర రాజీకి వస్తానంటున్నాడు. 21వ తారీఖు శుక్రవారం కోర్టు పేషీకి ముందే రాజీ కాగితం మీద సంతకం చేయించుకో. అప్పటిదాకా ఈ సంగతి దొరకు గాని, అతని మనిషి పట్వారీకి గాని తెలియనీయకు. నీ బిడ్డ సరోజన చదివి వినిపించగానే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

నీ అన్న,
దేవసహాయం


16 ఫిబ్రవరి 1964

దేవసహాయం అన్నకు రాయమల్లు దండాలు.

నీ ఉత్తరం అందింది. సరోజన మొన్ననే కాగజ్‌నగర్ అత్తగారింటికి పోయింది. ఊర్లె చదువొచ్చినోళ్లు ఇద్దరే, ఒకలు సరోజన. నువ్వు ఊకె రాయవు గద, ఎవరికన్న పానం బాగలేదేమోనని పరేషాన్ అయిన. పొద్దటిసంది ఉత్తరం పట్టుకొని తిరిగి తిరిగి, పట్వారీ చేతుల పెట్టిన. ఒక్క అచ్చరం ఇడువకుంట చదివిండు. మల్లోసారి గూడ చదివిండు. ఉత్తరం వాపస్ ఇయ్యలే.

రాజీ లేదని దొర కబురంపిండు. నీ మరదలు సమ్మవ్వ పొద్దుమాపు ఏడుస్తుంది. నేను మాత్రం నిన్ను ఒక్క మాట అనలే అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు. శుక్రవారం పేషీకి జర వస్తవా? ఒక్కన్నే నిలవడాలంటే భయమైతుంది.

రాయమల్లు వేలిముద్ర.

చెప్పింది చెప్పినట్టు రాసినవారు: లింగమూర్తి, పట్వారీ.