డోలు వైపు చెవి

1947 ఫిబ్రవరి 3, తిరుపతి
నిన్న చిత్తూరు పెళ్ళిలో కల్యాణి రాగం ఎత్తుకున్నాను. ఒక్క స్వరమే ఆపకుండా సుతి పట్టే మనిషి వెనకే నిలబడ్డాడు. సుతి వినబడలేదు. ఎడమపక్క బావమరిది మునిరత్నం డోలు... అంతే. నాదస్వరం మీద వేళ్ళు అలవాటుకొద్దీ నడిచాయి. జనం తలలూపారు. అపస్వరం పలికిందో లేదో నాకే తెలియదు.

ఫిబ్రవరి 5
డోలు ఆగినా చెవిలో ఈల ఆగడం లేదు.

ఫిబ్రవరి 8
కాంతమ్మ ఏదో అడిగింది. మజ్జిగ కావాలా అందనుకుని గ్లాసు చాపాను. అలాగే చూస్తూ నిలబడింది.
“మా తమ్ముడు ఇంకా రాలేదేమని అడిగితి. నీకు వినబడలేదు గదా.”
అవునని తలూపాను.
“వేలూరు ఆస్పత్రికి పొయ్యొద్దాం. మునిరత్నానికి ఇప్పుడే సెప్పద్దు.”

ఫిబ్రవరి 12, వేలూరు
రైలు పాకాల దాటేదాకా కాంతమ్మ మాట్లాడుతూనే ఉంది. ఆమె పెదవులు చూస్తూ కూర్చున్నాను.
డాక్టరు అరవంలో అడిగాడు— డోలు ఏ పక్క? ఎడమ. ఎప్పటినుంచి? మీసాలు రాకముందు నుంచి. వాయించేది ఎవరు? మా బావమరిది.
పోయింది తిరిగి రాదట. ఉన్నదాన్నైనా కాపాడుకోవాలి— డోలు దూరంగా పెట్టాలి, చెవిలో దూది పెట్టుకోవాలి.
తర్వాత ఒక మిషను తెచ్చాడు. జేబులో చిన్న పెట్టె, నడుముకు బ్యాటరీలు, చెవిదాకా తీగ. పెట్టగానే కాంతమ్మ గాజులు గలగలమన్నాయి. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని. కళ్ళు తడిశాయి. ఆశపడి నాదస్వరం తీసి షడ్జం పట్టాను... రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది. పీకేశాను.
“ఇది మాటలకే. పాటకు పనికిరాదు,” అన్నాడు డాక్టరు.

ఫిబ్రవరి 13
మునిరత్నంతో ఏమని చెప్పాలి? నీ డోలే నా చెవి తినేసిందనా?

ఫిబ్రవరి 16
సాధకానికి వచ్చాడు. కొంచెం ఎడంగా జరగమన్నాను. కదల్లేదు. గట్టిగా, రెండోసారి చెప్పాను— నా చెవి పోతోంది, డాక్టరు దూరం పెట్టమన్నాడు అని. నా నోటివంకే చూస్తూ విన్నాడు. డోలు కర్ర పక్కన పెట్టాడు.
“నాకు రెండు సెవులూ పోయి శానా దినాలాయె బావా. నీ బుగ్గలూ, సేతి ఏళ్ళూ సూసి వాయిస్తా ఉండాను.”
“మరి చెప్పలేదేమప్పా?”
“సెప్తే ఇంకోణ్ణి పిలుసుకుంటావని.”
కాంతమ్మ గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక సాధకం సాగలేదు.

ఫిబ్రవరి 20
రేపు పాకాలలో పెళ్ళి. తాళి కట్టే వేళ గట్టిమేళం ఇద్దరం ఒక్కసారి అందుకోవాలి. దూది పెట్టుకుంటే నాకు సుతి అసలే అందదు. మునిరత్నం దూరంగా జరిగితే నా బుగ్గలు కనబడవు. ఎదురెదురుగా నిలబడదాం అంటాడు. మేళం ఎక్కడైనా అలా నిలబడుతుందా? పెళ్ళివారు ఏమిటని అడిగితే...
సాయంత్రం వచ్చి డోలు వార్లు బిగించుకున్నాడు.
“పోదామా బావా? లేకుంటే ఇప్పుడే రాలేమని సెప్పి పంపిద్దామా?”
నేనేం చెబుతానోనని నా పెదవులే చూస్తూ కూర్చున్నాడు. ఇంకా ఇక్కడే ఉన్నాడు. నేను ఇది రాస్తున్నాను.