సీసాల పరిచర్య

జూన్ 9
మనవరాలికి స్కూల్లో ప్రాజెక్టు. సముద్రంలో జీవులు, వాటిని కాపాడటం. చార్టు పట్టుకుని క్లాసు ముందు మాట్లాడాలి. వాళ్లమ్మకు ఆసుపత్రి డ్యూటీలు, కాబట్టి నేర్పే పని నాది. నేను చదివింది ఐదో తరగతే కావచ్చు, తూకానికి కొన్న పుస్తకాలు అలమార నిండా ఉన్నాయి. పైగా బైబిలు వాక్యం ఉంది. సృష్టికర్త నీళ్లను ప్రాణులతో నింపాడు, మనిషి చెత్తతో నింపాడు, ఇలా మొదలుపెట్టమన్నాను. పిల్ల రాసుకోలేదు. చేపకు దాహం వేస్తుందా తాతయ్యా అంది.

జూన్ 10
కంటికి కనపడని నాచును రొయ్య తింటుంది, రొయ్యను చేప, చేపను పెద్ద చేప అని చెబుతున్నాను. నాచు చచ్చిపోతే? అంది. అందరికీ పస్తే అన్నాను. ఆ సంగతి పెద్ద చేపకు తెలుసా? అంది. నేను నోరు తెరిస్తే సంఘమంతా వణుకుతుంది, ఈ మూడో తరగతి పిల్లకు మాత్రం బెదురు లేదు. మా ఆవిడ వంటగదిలోంచి, ఇన్నాళ్లకు మీకు తగిన లాయరు దొరికింది అని ఒకటే నవ్వు.

జూన్ 12
పగడం రాయి కాదు, ప్రాణి అని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

జూన్ 14
తాబేలు ప్లాస్టిక్ సంచిని జెల్లీఫిష్ అనుకుని మింగుతుందని చెప్పాను. నాకే ఊపు వచ్చేసింది. సముద్రంలో ప్లాస్టిక్ పారేసినవాడు ఆ చేతులు జోడించి ప్రార్థన చేస్తే దేవుడు వింటాడా అని బల్ల గుద్దాను. పిల్ల మెల్లగా, మరి మన సీసాలు? అంది.

మన సీసాలు! ప్రతి నెలా ఆఖరి ఆదివారం వాక్యం చీటీలు మంచినీళ్ల సీసాల్లో పెట్టి, మూతకు మైనం పూసి, పడవెక్కి నడిసముద్రంలో వదులుతాం. పాస్టరు పదవి లేని నాకు అదే పరిచర్య. ఏ ఒడ్డున ఏ దిక్కులేనివాడికి దొరుకుతుందో అని. గాజువి పగులుతాయని ప్లాస్టిక్‌వి ఎంచింది నేనే.

అది చెత్త కాదు, వాక్యం అన్నాను. తాబేలుకు చదవడం వచ్చా? అంది. పుస్తకం విసిరికొట్టి లేచి వచ్చేశాను. గ్రంథం కాదు, చేపల పుస్తకం.

జూన్ 15
గ్రంథం ఎక్కడ తెరిచినా నీళ్ల గురించే ఉంది.

జూన్ 17
చార్టు అడుగున పెన్సిల్‌తో రాసుకుంది, మా తాతయ్య నెలనెలా సముద్రంలో సీసాలు వేస్తాడు అని. తీసెయ్యమన్నాను. అబద్ధమా? అంది. ఇంటి సంగతులు బడిలో ఎందుకే అన్నాను. నిజం దాచినా నరకమేనని నువ్వేగా చెప్పావు అంది. అరిచాను. పెద్దలకు ఎదురుచెప్పకూడదన్న వాక్యం తీసి కళ్ల ముందు పెట్టాను. రబ్బరు తెచ్చుకుని చెరిపేసింది.

జూన్ 19
బాగా మాట్లాడిందట. టీచరు చప్పట్లు కొట్టించిందట. ఎలా జరిగిందే అంటే, బాగా జరిగింది తాతయ్యా అంది. అంతే.

జూన్ 22
తిమింగలం పిల్లకు పాలిస్తుందన్నాను. సరే తాతయ్యా అంది. నీళ్లలో పాలెలా తాగుతుందో అడగవే అన్నాను. ఎలా తాగుతుంది తాతయ్యా అంది. అడగమంటే అడిగింది.

జూన్ 25
ఈల్ చేప ఒంట్లో కరెంటు పుడుతుందన్నాను. సరే తాతయ్యా. నాకు ఒళ్లు మండింది. మా ఆవిడ నోరు విప్పింది. దాన్ని కూడా మీ సంఘంలో కలిపేశారుగా, ఇక ఆమెన్ అనడమే తరువాయి అంది.

జూన్ 27, సాయంత్రం
మైనం పూసిన సీసాలు గది నిండా ఉన్నాయి. రేపు పడవ లేదని కబురు పెట్టాను. సంఘంలో ఒకాయన వచ్చి, ఏంటన్నా, విశ్వాసం తగ్గిందా అన్నాడు. తలుపు వేసేశాను. పిల్లను కూర్చోబెట్టి, చెరిపించడం నా తప్పు, నువ్వు రాసిందే నిజం అని చెప్పాను.
సరే తాతయ్యా అంది.

జూన్ 28
ఒట్టి చేతులతో ఒడ్డున నిలబడి సముద్రానికి నోటితోనే వాక్యం చెప్పాను. మధ్యాహ్నానికి గొంతు పోయింది. పక్కన ఇసుకలో కూర్చున్న పిల్ల, చేపలకు వినపడుతుందా తాతయ్యా? అంది.
తెలియదు. తెలిసినా చెప్పడానికి గొంతు లేదు.