గుప్పిట్లో బిళ్ళ

శ్రీమతి గారికి,

ఇక్కడ అత్తయ్యా నేనూ కులాసా. అక్కడ నువ్వు వేళకి తింటున్నావని, ట్రైనింగు క్లాసులో కునుకు తీయడం లేదని నమ్ముతున్నాను.

"అమ్మ మెడలో ఆ బిళ్ళేమిటి, ఆవిడేమైనా మీ ఆసుపత్రి చక్రాల కుర్చీయా?" అని దులిపేశావు. కోపం తెచ్చుకోకు. కుర్చీలు ఏ వార్డులో ఉన్నాయో కనిపెట్టడానికి మేం కట్టే బిళ్ళే అది. పగలు ఆయా ఉంటుంది గానీ ఆ ఆయాకి నిద్రెక్కువ, మతిమరుపులో అత్తయ్య గుమ్మం దాటినా తెలీదు. అందుకని మూడు గదుల్లో మూడు పెట్టెలు బిగించాను. బిళ్ళ సిగ్నల్ పంపుతూ ఉంటుంది. దగ్గరి పెట్టెకి గట్టిగా అందుతుంది, దూరపు పెట్టెకి సన్నగా. ఆ హెచ్చుతగ్గుల్ని బట్టి అత్తయ్య ఎక్కడుందో నా ఫోన్ చెబుతుంది. దానికి ముందు ఏ మూల ఎంత అందుతుందో కొలుచుకోవాలి. మనిషి ఒళ్ళు సిగ్నల్ని మింగేస్తుందని, బిళ్ళని చీపురుకర్రకి కట్టి ఇల్లంతా తిరిగాను. అత్తయ్య చూసి, "ఊడుస్తున్నారా, ఊరేగిస్తున్నారా?" అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

మొన్న ఆదివారం, ఆయా రాని రోజు, నేను స్నానం చేసి వచ్చేసరికి ఫోన్ 'ఇంట్లో లేరు' అని చూపించింది. తల కూడా తుడుచుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. మందుల షాపతను చూడలేదన్నాడు, ఇస్త్రీ ఆవిడా చూడలేదంది. ఫోటో చూపించి అడుగుదామని, దానికోసం ఇంటికొచ్చాను. పడకగదిలో బీరువా పక్కన నేలమీద ముడుచుకుని కూర్చుని ఉంది అత్తయ్య. బిళ్ళని మెడలోంచి తీసి, రెండు చేతుల్లో బిగించి ఒళ్ళో దాచుకుంది. అలా మూసేస్తే ఏ పెట్టెకీ సరిగ్గా అందలేదు, ఫోనేమో ఆవిణ్ణి వీధిలో పడేసింది. చీపురుకి చేతులుండవన్న సంగతి నాకు తట్టనేలేదు.

ఇక, అమ్మ మిమ్మల్ని గుర్తుపడుతోందా అని అడిగావు. రెండు ఉత్తరాలుగా దాటేస్తున్నాను, ఇవాళ చెప్పేస్తాను. ఆవేళ నేను ఎదురుగా కూర్చుని "ఇక్కడేం చేస్తున్నారత్తయ్యా?" అంటే, నావైపు కొత్తగా చూసి చేతులు ఇంకా బిగించింది.

"ఇది మా అల్లుడుగారిది బాబూ. పోగొట్టొద్దన్నారు. ఆయనొచ్చేదాకా నేనిక్కణ్ణుంచి లేవను."

ఆ అల్లుణ్ణి నేనే అనబోయి మానేశాను. పక్కనే కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా, నీ దగ్గర దాపరికం దేనికి?

నీ పేరు మాత్రం ఇంకా తలుస్తోంది. ట్రైనింగు మళ్ళీ పెడతారు. వెంటనే బయల్దేరి రా.

ఇట్లు,
మీ అమ్మ ఎదురుచూస్తున్న అల్లుడు